కుంకుడు నురుగు

పిల్లలూ! మీ ఇంట్లో కుంకుడుకాయలు ఎవరు కొడతారు? మా ఇంట్లో ఆ పని నాది. మాది కొల్లేటికి దగ్గర ముదినేపల్లి. సంక్రాంతి నాలుగు రోజులుందనగా నాయనమ్మ అటకమీది ఇత్తడి బిందెలూ, రాగి చెంబులూ, గంగాళమూ దింపించేది. నేను పెరట్లో రాతిమీద కుంకుళ్ళు చితగ్గొట్టి, తొక్కలు ఆమెకిచ్చి, నల్లటి గింజలు జేబులో వేసుకునేవాణ్ణి.

నాయనమ్మ తోమే సరుకు కొట్లో కొన్నది కాదు. పులుసు పిసగ్గా మిగిలిన చింతపండు పిప్పి, పొయ్యిలో బూడిద, బీరపీచు, అంతే! పిప్పి రుద్దగానే నల్లబడ్డ చెంబు ఎర్రగా ఎట్లా మారుతుందో తెలుసా? గాలి తగిలి రాగి పైన సన్నని నల్లపొర కడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది. అది జిడ్డును విడగొట్టి, కొంత సబ్బుగా కూడా మారుస్తుంది. ఊక బూడిదైతే ఇంకా గరుకు. ఇసుకలో ఉండే సిలికాయే అందులోనూ ఉంది మరి! కుంకుడు తొక్కల్లో సాపోనిన్ అనే పదార్థం ఉంది. నురుగు దానివల్లనే.

ఆ నురుగే నాకు ఒకసారి పెద్ద కష్టం తెచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పంటబోదెలో పట్టిన అయిదు పరిగె పిల్లల్ని పెరటి సిమెంటు తొట్టిలో పెంచుతున్నాను. వాటికి పేర్లు కూడా పెట్టాను. (ఆ పేర్లు చెప్పను, మీరు నవ్వుతారు.) పండక్కి ఇల్లంతా కడుగుతున్నారు కదా, నా చేపల ఇల్లు మాత్రం పాకుడు పట్టి ఉండటమేమిటి అనిపించింది. చెంబెడు కుంకుడు రసం తొట్టిలో పోసి, గోడలు బీరపీచుతో రుద్దాను. కాసేపటికి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవసాగినవి. ఆడుకుంటున్నవనుకున్నాను. అన్నం తిని వచ్చేసరికి అయిదూ వెల్లకిలా తేలి ఉన్నవి.

“మన తలకు పోసుకునేదే కదా నాయనమ్మా! విషమెట్లా అయింది?” అని ఏడ్చాను.

ఆమె తిట్టలేదు. “మనం పోసుకుని కడిగేసుకుంటాం నాయనా. అవి దాన్లోనే బతకాలి కదా!” అన్నది. చేపల్ని అరటిపాదులో పూడ్పించింది. తొట్టి నీళ్ళు బోదెలోకి వదలనివ్వక, బిందెలతో చెట్లకే మోయించింది.

అసలు సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. చేప మొప్పలు బహు పలుచనివి. సాపోనిన్ వాటిని దెబ్బతీస్తుంది. ఇక నీళ్ళలో ప్రాణవాయువు ఉన్నా చేప అందుకోలేదు. ఈ గుణం మా చేపలచెరువుల వాళ్ళకు బాగా తెలుసు. ఇప్పగింజలు గానుగాడగా మిగిలిన పిండిలోనూ సాపోనిన్ ఉంటుంది. పిల్లల్ని వదిలేముందు, అక్కరలేని చేపలు చావటానికి చెరువులో ఆ పిండి చల్లుతారు. రెండు మూడు వారాల్లో విషం విరిగిపోయి, అదే ఎరువవుతుంది. మట్టిలో పోసిన కుంకుడు నీళ్ళను కూడా సూక్ష్మజీవులు అట్లాగే విరిచేస్తవి. నాయనమ్మకు సాపోనిన్ మాట తెలియదు గాని, ఏ నీళ్ళు ఎక్కడ పోయాలో తెలుసు!

కొట్లో కొన్న పొడుల సంగతి వేరు. కొన్నిటిలో భాస్వరపు లవణాలుంటవి. అవి చేపను వెంటనే చంపవు. గుర్రపుడెక్కకు బలం పోస్తవి. ఆ డెక్క నీటిని కప్పేసి, కుళ్ళినప్పుడు ప్రాణవాయువును తినేస్తుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళన్నీ కొల్లేటిలో నిలిచేవే. అక్కడినుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో కొల్లేటిని పక్షుల కోసం అభయారణ్యం చేశారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. పక్షులకు మేత చేపలే కదా!

పెద్దలకొక మాట: బ్లీచింగు పొడినీ, స్నానాలగది కడిగే యాసిడ్‌నూ ఎన్నడూ కలపకండి. క్లోరిన్ అనే విషవాయువు పుట్టి ఊపిరితిత్తులను కాలుస్తుంది.

మొన్న భోగికి ముందు మా మనవరాలు కుంకుళ్ళు కొట్టింది. చెంబులు తోమటం అయాక బకెట్టు పట్టుకుని, “తాతయ్యా, ఈ నీళ్ళు ఎక్కడ పొయ్యను?” అని అడిగింది. అరటిపాదు చూపించాను. గింజలు మాత్రం నాకివ్వలేదు. వాటితో అచ్చనగాయలు ఆడుతుందిట!