ఎంటర్ కొట్టేదాకా ఆగాలి!

2011లో అమ్మకు గొంతు ఆపరేషన్ జరిగింది. కొన్ని వారాలపాటు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు డాక్టరుగారు. మేడ మీద గదిలో అమ్మ, కింద కొట్లో నాన్న. అమ్మ గంట వాయిస్తే పైకి రమ్మని అర్థం. మోకాళ్ల నొప్పులతో నాన్న పద్దెనిమిది మెట్లూ ఎక్కి వెళ్తే, పలక మీద రాసి చూపించేది... 'గ్యాస్ బుక్ చేశారా?' అని. అంతే!

మూడోరోజుకి నాన్న నా మీద పడ్డారు. ''కంప్యూటరు చదువు చదివావు కదరా, ఏదో ఒకటి చెయ్యి'' అని. మా ఇంట్లో ఉన్న సెల్‌ఫోన్లలో అప్పట్లో తెలుగు కనిపించేది కాదు. అమ్మేమో ఆఫీసులో తెలుగు టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఉన్న రెండు పాత కంప్యూటర్లనూ వైరుతో కలిపాను. కీబోర్డు మీటల మీద తెలుగు అక్షరాల కాగితాలు అంటించాను. ''నా మిషన్ మీద అక్షరాలు ఇలా ఉండేవి కావు'' అని అమ్మ పలక మీద విసుక్కుంది.

జావాతోపాటు వచ్చే లైబ్రరీలో కావలసిన సరుకంతా ఉంది. సర్వర్‌సాకెట్ అంటే తలుపు తీసుకుని కూర్చునే ఇల్లు. సాకెట్ అంటే చిరునామా పట్టుకుని వచ్చి తలుపు తట్టే చుట్టం. కంప్యూటరు అంకెల చిరునామా ఇంటి నంబరైతే, పోర్టు నంబరు గది నంబరు. వచ్చిన మాటల్ని ఒక్కో వరుసగా చదివిపెట్టడానికి రీడ్‌లైన్ ఉంది. రెండు గంటల పనే అనుకున్నాను.

అమ్మ టైపు చేసింది. కింద ఏమీ రాలేదు. అర్ధరాత్రిదాకా తల పట్టుకున్నాక తెలిసింది. ఇక్కడ వరుస ముగిసిందన్న గుర్తు అందేదాకా రీడ్‌లైన్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. నేనేమో పంపేచోట 'ప్రింట్‌లైన్' బదులు 'ప్రింట్' అని రాశాను. దాంతో ఆ గుర్తు వెళ్లలేదు సరికదా, అమ్మ మాటలు కూడా గది దాటకుండా బఫర్‌లోనే ఉండిపోయాయి.

అది సరిచేశాక 'అమ్మ' అని కొట్టి చూశాను. కింద నాలుగు ప్రశ్నార్థకాలు వచ్చాయి! అ, మ, పొల్లు, మ... కంప్యూటరుకు అవి నాలుగు. ఏ పద్ధతిలో పంపాలో మనం చెప్పకపోతే జావా ఆ కంప్యూటరు అలవాటునే పాటించేది. దానికి తెలుగు తెలియదు. పంపేచోటా, చదివేచోటా 'యూటీఎఫ్-8' అని రాశాను. అందులో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. 'అమ్మ' అంటే పన్నెండు బైట్లన్నమాట. 2022లో వచ్చిన జావా 18 నుంచి ఆ పద్ధతే అలవాటుగా పెట్టారు. ఇప్పుడైతే నాకా తిప్పలు ఉండేవి కావు.

మర్నాడు పొద్దున్న నాన్న ముందు మొదటి మాట వెలిగింది. 'కాఫీలో పంచదార ఎక్కువైంది.' నాన్న దాన్ని రెండుసార్లు చదువుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'రేపు తగ్గిస్తాలే' అని కొట్టేసరికి పది నిమిషాలు పట్టింది. పైన అమ్మ రెప్ప వాల్చకుండా తెర వైపే చూస్తోంది.

అమ్మకు గొంతు వచ్చేసింది. ఆ కంప్యూటర్లు పాతసామాన్లవాడికి వెళ్లిపోయాయి. ఒక్కటి మాత్రం మిగిలింది. అంతకుముందు అమ్మ నోరు తెరిస్తే చాలు, సగంలోనే అందుకునేవారు నాన్న. ఇప్పుడు పూర్తయ్యేదాకా వింటారు. అదేమిటని అడిగితే, ''ఎంటర్ కొట్టేదాకా ఆగాలి కదరా'' అంటారు.