పసిపిల్లల వార్డులో మే నెల

మే 5

పొద్దున పదికల్లా వార్డు కుళాయి ఆగిపోయింది. ఎండాకాలం మాకిది మామూలే. ఆయమ్మ రెండు బకెట్ల నీళ్లు పట్టి పెట్టింది కానీ, మగ్గు ముంచుకుని కడుక్కుంటే అది కడుక్కున్నట్టు కాదు. ఒకరి చేతి మురికి మగ్గు పిడికి అంటుతుంది, అక్కణ్నుంచి ఇంకొకరికి. కుళాయి బిగించిన డ్రమ్ము కావాలని అడిగి, అది వచ్చేదాకా స్టోర్ ముందు నుంచి కదల్లేదు. సాయంత్రానికి ఇచ్చారు.

ఈరోజు ప్రపంచమంతా చేతుల పరిశుభ్రత దినం జరుపుకుంటుంది. గాజులు, ఉంగరాలు తీసి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దాలని కొత్తగా వచ్చిన నర్సులకు చూపించాను. గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ ఎవరూ రుద్దరు. అక్కడే ఆగి మళ్లీ రుద్దించాను.

మే 9

కిలోన్నర బిడ్డ. మూడోరోజే పాలు తాగడం మానేసింది, అరికాళ్లు చల్లబడ్డాయి. బ్లడ్ కల్చర్ రిపోర్టు ఇవాళ వచ్చింది: క్లెబ్సియెల్లా. జెంటామైసిన్, సెఫోటాక్సిమ్, అమికాసిన్, చివరికి మెరొపెనెమ్ ఎదురుగా కూడా ‘ఆర్’ అనే ఉంది. ఆ మందులు దానిమీద పనిచేయవని అర్థం. మిగిలింది కొలిస్టిన్ ఒక్కటే. మందులు ఒక్కొక్కటే చేజారిపోతుంటే, రోగం రానివ్వకుండా చూడటం తప్ప వేరే దారి నాకు కనిపించడం లేదు.

ఎక్కడినుంచి వచ్చిందని వార్డంతా వెతికాం. మందు కలిపే సెలైన్ బాటిల్ మూతకు సూది గుచ్చి అలాగే వదిలేశారు. పొద్దుటినుంచి అందరూ దాంట్లోంచే తోడుతున్నారు. తీసి పారేయించాను. ఆక్సిజన్ సీసాలో నీళ్లు ఎప్పుడు మార్చారో చెప్పగలిగినవాళ్లు లేరు. క్లెబ్సియెల్లాకు తడి ఉంటే చాలు, అక్కడ హాయిగా పెరుగుతుంది.

పసిపిల్లల ఇన్ఫెక్షన్లపై ఢిల్లీలో మూడు పెద్దాసుపత్రుల్లో జరిపిన అధ్యయనం 2016లో వచ్చింది. అక్కడా ఎక్కువగా దొరికినవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలై. దాదాపు మూడింట రెండొంతుల కేసులు పుట్టిన 72 గంటల్లోపే బయటపడ్డాయి. కాబట్టి మా వార్డు ఒక్కటే తుడిస్తే సరిపోదు. కాన్పు బల్ల, బొడ్డు కోసే కత్తెర, బిడ్డను తుడిచే గుడ్డ, నోట్లో పెట్టే సక్షన్ గొట్టం, అన్నీ చూడాలి.

మే 12

ఆ బిడ్డ తెల్లవారుజామున పోయింది. ఇంక రాయలేను.

మే 16

డిశ్చార్జి రోజు ఒక అవ్వ కొంగుముడి విప్పి ఆముదం సీసా, పసుపు పొట్లం తీసింది.

“ఏమీ పూయకుంటే బొడ్డు ఎట్ల మానుతాది నర్సమ్మా? నా బిడ్డలందరికీ ఇదే పెట్నాం.”

“ఆముదం తలకు పెట్టుకో అవ్వా. బొడ్డును మాత్రం గాలికి ఆరనీ. వారం పది రోజుల్లో దానంతటదే రాలిపోతుంది. గోచిగుడ్డ బొడ్డుకు కిందగా కట్టు. చీము పట్టినా, చుట్టూ ఎర్రబడినా వెంటనే తీసుకురా.”

అవ్వలను కసురుకోవడం నాకిష్టం ఉండదు. బిడ్డ మీద ప్రేమతోనే పూస్తారు. అప్పట్లో ఇళ్లలోనే కాన్పులు ఎక్కువగా జరిగిన నేపాల్‌లో బొడ్డుకు క్లోర్‌హెక్సిడిన్ మందు పూసి చూశారు. సర్లాహీ జిల్లా అధ్యయనం 2006లో వెలువడింది. పసిపిల్లల మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. శుభ్రంగా ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డకు బొడ్డు పొడిగా ఉంచితే చాలు. ఈ తేడా అవ్వకు విడమరిచి చెప్పాను. సీసా మళ్లీ కొంగులో ముడేసుకుంది.

మే 23

ఇవాళ ముగ్గురు బాలింతలను లోపలికి రానిచ్చాం. బిడ్డను వట్టి ఒంటికి, రొమ్ముల మధ్య ఆనించి కట్టాం. ఒకామె అత్తగారు గుమ్మంలోనే అడ్డుపడి, “బయటిమనిషి లోపలికొస్తే బిడ్డకు ఏమైనా అంటుకోదా?” అంది. తల్లి బయటిమనిషి కాదమ్మా అన్నాను. తల్లి ఒంటిమీద ఉండే మామూలు క్రిములు బిడ్డకు అలవాటైతే, ఆసుపత్రి క్రిములకు చోటు తగ్గుతుంది. ముర్రుపాలు ఎలాగూ అందుతాయి. పైగా బిడ్డను ముట్టుకునే చేతులూ తగ్గుతాయి.

బరువు తక్కువ బిడ్డలను పుట్టగానే ఇలా తల్లికి అప్పజెప్పి, ఐదు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం 2021లో వచ్చింది. అందులో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది. తల్లికి ఆలస్యంగా ఇచ్చినవాళ్లతో పోలిస్తే మరణాలు 25 శాతం తక్కువ. కొత్త యంత్రం కొనే పని లేదు, తల్లికి కుర్చీయో మంచమో వేస్తే చాలు. ఇన్నాళ్లూ తల్లులను అద్దాల అవతల నిలబెట్టడం అన్యాయం.

మే 29

రేపటి మీటింగుకు కాగితం రాసుకున్నాను. కాన్పుల గదిలో మోచేతితో తిప్పే కుళాయిలు, తల్లులకు మంచాలు అడిగాను. వాటికంటే పైన రాసింది వేరే. రాత్రి డ్యూటీలో ఇద్దరు నర్సులం, ఇరవై మంది పిల్లలు. ఒక బిడ్డకు ఊపిరి ఆగుతుంటే, పక్క బిడ్డ దగ్గర్నుంచి చేతులు కడుక్కునే పరుగెత్తమని ఎవరైనా ఎలా చెప్పగలరు? రాత్రికి ఇంకో ఇద్దరు నర్సులను ఇవ్వండి, మిగతావి తర్వాత ఇచ్చినా సర్దుకుంటాం.