గొడుగు ఒక్కటే చాలదు

విశాఖపట్నంలో రైలెక్కి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరేసరికి కిటికీకి అటూ ఇటూ వరిమళ్లు నిండుగా మెరుస్తుంటాయి. ఇంకాస్త ముందుకెళితే, తడిసిన ఆకాశం కింద భిలాయి ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు. జూన్‌లో మొదలయ్యే వాన సెప్టెంబర్ దాకా ఈ ఊరిని వదలదు.

భిలాయి బయటివాళ్లు కట్టిన ఊరు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. రష్యన్ ఇంజనీర్లతో పాటు బెంగాలీలు, మలయాళీలు, తెలుగువాళ్లు తరలివచ్చారు. ప్రణాళిక ప్రకారం వేసిన సెక్టార్లలో వాన అంటే మహా అయితే డ్యూటీకి వెళ్లేవాళ్ల చొక్కా తడవడమే. ఊరి పొలిమేర దాటితే మాత్రం లెక్క మారిపోతుంది.

ఆ తేడా ఏమిటో కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించిన దల్లీ రాజ్‌హరాలో తెలుస్తుంది. భిలాయికి దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని ఈ గనుల ఊరికి 1980ల తొలినాళ్లలో బినాయక్ సేన్, ఆశిష్ కుండు, శైబాల్ జానా వంటి డాక్టర్లు స్వచ్ఛందంగా వచ్చారు. శంకర్ గుహా నియోగి నాయకత్వంలోని గని కార్మికులు చందాలు వేసుకుని, శ్రమదానం చేసి ఆస్పత్రి కట్టుకున్నారు. 1977 జూన్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన సహచరుల స్మృతిలో దానికి షహీద్ ఆస్పత్రి అని పేరు పెట్టారు. తలుపులు తెరిచింది 1983 జూన్ 3న, సరిగ్గా వానలకు ముందు.

వానాకాలంలో సేవ చేయడానికి వచ్చినవాళ్లకు మొదటి పాఠం వాగు నేర్పుతుంది. అది పొంగితే బస్సు రాదు. రోగి ఆస్పత్రికి రాలేడు, డాక్టరు ఊరికి పోలేడు. బావిలోకి మురుగు చేరి విరేచనాలు మొదలయ్యేదీ అప్పుడే. అందుకే వైద్యం వానకంటే ముందే ఊరికి చేరాలి. షహీద్ ఆస్పత్రి డాక్టర్లు కార్మికులనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచినవే. ఈ లెక్క తెలిసిన తల్లి ఇంట్లో ఉంటే బిడ్డకు సగం గండం గడిచినట్టే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ నమ్ముకున్నది ఇలాంటి ద్రావణాన్నే. అక్కడ మరణాలు సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు పడిపోయాయి.

బయటి నుంచి వచ్చినవాళ్లు తమను తాము కాపాడుకోవడమూ సేవలో భాగమే. జబ్బుపడిన కార్యకర్త ఊరికి మరో రోగి. నీళ్లు కాచి తాగాలి. నేల మీద పడుకోకూడదు. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చే కాలమిది. మంచం, పరుపు కిందికి దోపిన దోమతెర, చేతిలో టార్చి... గొడుగు వీటి తర్వాతే.

సెక్టార్లకు మాత్రం భయం లేదనుకుంటే పొరపాటు. 2018 వానాకాలంలో భిలాయిలో డెంగీ విజృంభించి పలువురి ప్రాణాలు తీసింది. ఆ దోమ మురుగులో కాదు, శుభ్రమైన నిల్వ నీటిలో పెరుగుతుంది. వేసవి అయిపోయాక కూలర్లలో మరిచిపోయిన నీళ్లు దానికి చాలు. వారానికోసారి వాటిని వంపేయడానికి డిగ్రీలు అక్కర్లేదు.

నియోగిని 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆస్పత్రి మూతపడలేదు. పని ఊరివాళ్ల చేతికి అంది ఉండటమే అందుకు కారణం.

తెలుగువాళ్ల ఆషాఢ అమావాస్య నాడు ఛత్తీస్‌గఢ్ పల్లెలు హరేలీ జరుపుకుంటాయి. నాగళ్లు కడిగి పూజిస్తారు, గుమ్మాలకు వేపకొమ్మలు కడతారు, కమ్మరి వచ్చి ద్వారబంధానికి ఇనుప మేకు కొడతాడు. పిల్లలు వెదురు గేడీలెక్కి బురదకు అందకుండా నడుస్తారు. ఆ గేడీలు బజారులో కొన్నవి కావు, ఇంటి పెద్దలు చెక్కి ఇచ్చినవి. వానలో సేవకు బయల్దేరే ఎవరైనా ముందు ఆ పెద్దల దగ్గర కాసేపు కూర్చోవడం మంచిది.