పాట వేడెక్కే దాకా...

స్విచ్ వేయగానే పాట రాదు. ముందు గాజు బుడ్డీల్లో సన్నగా నారింజరంగు వెలుగు పుడుతుంది. పావు నిమిషం, అర నిమిషం... అప్పుడు దూరం నుంచి నడిచొచ్చినట్టు గొంతు వినిపిస్తుంది. అరవై దాటినవాళ్లకు ఈ ఎదురుచూపు కొత్తేం కాదు. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టిన రోజుల్లో, ఏడింటికి వార్తలంటే ఆరూ యాభైతొమ్మిదికే స్విచ్ వేసేవారు.

ఆ వాల్వులు మేడ్చల్, శామీర్‌పేట వైపు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ వెలుగుతున్నాయి. రేడియోల్లో కాదు, చేత్తో తయారుచేసుకున్న ఆంప్లిఫయర్లలో.

మేడ్చల్‌లో ఉండే ఒక రిటైర్డ్ ఉద్యోగి సంగతే తీసుకోండి. (పేరు వద్దన్నారు.) నాన్నగారు వడ్లమ్మి కొన్న వాల్వు రేడియో ఆయన ఇంట్లో అటకమీద ఏళ్ల తరబడి మూగగా పడి ఉంది. పాతసామాను కొనేవాళ్లు ఎన్నిసార్లు వచ్చినా అమ్మ ఇవ్వనివ్వలేదు. ఉద్యోగం అయిపోయాక ఒకరోజు వెనక అట్ట విప్పి చూశారు. ఎలకలు వైర్లు కొరికేశాయి. డయల్ తాడు తెగింది. కానీ చివర్న ఉన్న చూపుడువేలంత వాల్వు మాత్రం చెక్కు చెదరలేదు. దాని పేరు ఈఎల్84. పరీక్షిస్తే బాగానే ఉంది.

1950లలో ఫిలిప్స్ వాళ్లు తెచ్చిన వాల్వు అది. వాళ్ల సహకారంతోనే బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా రేడియో వాల్వులు చేసింది. బీటిల్స్ కుర్రాళ్లు వేదికమీద వాడిన వాక్స్ గిటార్ ఆంప్లిఫయర్లలో ఉన్నదీ ఈ ఈఎల్84లే! లివర్‌పూల్ గిటార్‌కూ, మేడ్చల్ ఇంట్లో పొద్దుటి వార్తలకూ ఒకటే గాజు బుడ్డి పనిచేసిందన్నమాట.

దాన్ని పీకితే ఆంప్లిఫయర్‌కు పనికొస్తుంది. పీకితే మాత్రం నాన్న రేడియో ఇక రేడియో కాదు, ఖాళీ డబ్బా. వారం రోజులు అటూ ఇటూ తిరిగి చివరికి అమ్మనే అడిగారు. ఆవిడ తేలిగ్గా అనేసింది... ‘‘తీస్కో కొడుకా. మీ నాయిన పాటలకని కొన్నడు గానీ అటకమీద పెట్టనీకి కొన్నడా?’’

స్టీరియోకు రెండు కావాలి కదా! జత కోసం జుమేరాత్ బజార్‌లో నాలుగు గురువారాలు తిరిగారు. చిన్న సామాను కోఠీ గుజరాతీ గల్లీలో దొరికింది.

వాల్వు పని అర్థం కావాలంటే శామీర్‌పేట చెరువు తూము గుర్తుచేసుకుంటే చాలు. లోపల వేడెక్కిన కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయటికి దూకుతాయి. 250 ఓల్టుల ప్లేటు వాటిని లాగుతుంది. మధ్యలో అడ్డున్న సన్నని తీగల జల్లెడే తూము తలుపు. పాట తాలూకు చిన్న సంకేతం ఆ తలుపును కదిపితే, వెనకున్న పెద్ద ప్రవాహం అదే లయలో ఊగుతుంది. ఇంత హంగామాకూ ఒక్క ఈఎల్84 ఇచ్చేది అయిదారు వాట్లు. పెళ్లి డీజే వాళ్లు వింటే నవ్విపోతారు. ఇంటి హాలుకు అది ఎక్కువే.

కష్టమంతా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌తోనే. వాల్వుకు 5,200 ఓమ్‌ల లోడు కావాలి, స్పీకరేమో 8 ఓమ్‌లు. రెంటికీ పొత్తు కుదరాలంటే ప్రైమరీలో ఇరవై అయిదున్నర చుట్లకు సెకండరీలో ఒక చుట్టు చొప్పున ఉండాలి. మోటార్ వైండింగ్ షాపులో అడిగితే ‘‘దేనికి సార్, స్టెబిలైజర్‌కా?’’ అన్నారట. పాటకని చెబితే ఎగాదిగా చూశారు. చుట్లు లెక్కపెట్టడం వాళ్లకు కొట్టినపిండే. స్టాంపింగుల మధ్య కాగితం ముక్క పెట్టి ఖాళీ వదలమంటే మాత్రం ఒప్పుకోలేదు, అది తప్పు పని అని. వాల్వులోంచి ఎప్పుడూ ఒకే దిక్కుకు పారే కరెంటుకు ఇనుము మొద్దుబారకుండా ఆ ఖాళీ ఉండి తీరాలి. చివరికి కాగితం ఆయనే కత్తిరించి పెట్టుకున్నారు.

తొలిసారి ఆన్ చేస్తే వచ్చింది పాట కాదు, గుయ్యిమని రొద. దాన్ని పట్టుకోవడానికి రెండు నెలలు! వైర్లు మెలిపెట్టారు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కకు తిప్పారు, ఎర్త్ వైర్లన్నీ ఒకే బోల్టుకు చేర్చారు. సగం రొద ఆ బోల్టుతోనే పోయింది.

రొదకన్నా భయపెట్టేది హైటెన్షన్. ప్లగ్ పీకేసినా కండెన్సర్లలో వందల ఓల్టులు నిలిచే ఉంటాయి. గుండె మీదుగా పోయిందంటే ప్రాణాలకే ముప్పు. పాత రేడియో మెకానిక్‌లు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని పరీక్షించేది అందుకే... కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి దాటకూడదని. సరదా ఎంత ఉన్నా సరే, ఇది తెలియనివాళ్లు ఈ పెట్టెల జోలికి పోకపోవడమే మేలు.

ఇక ప్రదర్శన! నెలకో ఆదివారం శామీర్‌పేటలో ఒక స్నేహితుడి మామిడితోటలో నలుగురు కలుస్తారు. దుప్పట్లో చుట్టిన ఆంప్లిఫయర్‌ను కారులో ఒళ్లో పెట్టుకుని తెస్తారు, బాలింత ఇంటికి వచ్చినంత జాగ్రత్తగా. ఒకాయనది టేకు పెట్టె, ఇంకొకాయనది బేకరీ ట్రే బోర్లించి చేసింది. పైకి అందరూ మెచ్చుకుంటారు. లోపల మాత్రం తనదే బాగా పాడుతోందని ఎవరి నమ్మకం వారిది. ‘మల్లీశ్వరి’ పాటలు తప్పనిసరి. 1951 నాటి ఆ పాటలు రికార్డయిందే వాల్వుల మీద, అందుకే వాల్వుల మీదే వినాలన్నది వాళ్ల వాదన. వినడానికి బాగుంది కానీ, వాదనగా అంత గట్టిది కాదు.

ఆ సంగతి మొన్నామధ్య మేడ్చల్ ఆయన మనవరాలే తేల్చింది. ఇంటర్ చదువుతోంది. కొన్ని వందల రూపాయల చిప్ ఆంప్లిఫయర్ ఒకటీ, తాతయ్యది ఒకటీ దుప్పటి వెనక పెట్టి, శబ్దం సమానం చేసి, ఆరుసార్లు వినిపించింది. తాతయ్య మూడుసార్లు సరిగ్గా చెప్పారు, మూడుసార్లు తప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే కదా! మిగిలినవాళ్లూ అంతకన్నా సాధించిందేం లేదు. టీలు వచ్చాయి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

శబ్దం పెంచినప్పుడు మాత్రం తేడా తెలిసింది. వాల్వు తన శక్తి చివరికొచ్చేసరికి పాటకు రెట్టింపు పౌనఃపున్యాన్ని కూడా కలుపుతుంది. అంటే, ‘స’ పాడితే దానికి పై స్థాయి ‘స’ తోడవుతుంది. అది చెవికి అపశ్రుతి అనిపించదు. చిప్ హద్దు దాటిందంటే గరగరమంటుంది. లెక్కప్రకారం రెండూ పాటలో లేనివే. ఒకటి తీయగా చేరుతుంది, ఒకటి చేదుగా.

ఆ ఆదివారం తర్వాత ఆయన మానేస్తారనుకున్నారు ఇంట్లోవాళ్లు. మానలేదు. రోజూ సాయంత్రం అమ్మకు పాటలు పెడతారు. ఆవిడకు దుప్పటి పరీక్షతో పనిలేదు. వెలుగుతున్న బుడ్డీల్లో ‘మీ నాయినది’ ఏదని ఒకసారి అడిగి తెలుసుకుంది. ఎడమవైపుది. అప్పట్నుంచీ కుర్చీ అటే వేయించుకుంటోంది.

వాల్వు ఆయుష్షు కొన్నివేల గంటలే. కొత్తవి రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి రావాలి. 2022 మార్చిలో రష్యా ఎగుమతులకు అడ్డుపడినప్పుడు ప్రపంచమంతా గిటార్ వాయించేవాళ్లు వాటికోసం ఎగబడ్డారు. ఆయన కూడా అదనంగా ఒక జత కొని బీరువాలో దాచారు. ఎడమవైపుది పోయిన రోజున మార్చాలి మరి. అమ్మకు మాత్రం ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

మనవరాలు ఇప్పుడు తనకోసం ఒకటి తయారుచేసుకుంటోంది. మల్టీమీటర్ పట్టుకుంటే చాలు, ‘ఎడమ చెయ్యి జేబులో’ అని తాతయ్య కేకేస్తారు. ఆ పిల్ల చుడీదార్‌కు జేబు లేదు. చెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఓల్టేజీ పైకి చదువుతుంది.