బండి మూలుగు

మా బండి మూలుగును మొదట విన్నది నేను కాదు, మా శ్రీమతి.

గడచిన వేసవిలో ఒకనాటి సాయంకాలం బీదరు నుండి జహీరాబాదుకు తిరిగి వస్తున్నాము. ముప్పై కిలోమీటర్ల చిల్లర దారి. సగం దారిలో ఆమె, "ఏమండీ, బండి మూలుగుతున్నది" అన్నది. నేను చెవి ఒగ్గి విన్నట్టు నటించి, "పాత బండి, మూలగక పాడుతుందా?" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి ఊరకున్నది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితునిగా బల్లకు ఇవతలి వైపునే నిలబడినవాణ్ణి. ఎదుటివారి వాక్యంలో క్రియాపదం రాకముందే జవాబు చెప్పే దురభ్యాసం నాకు అబ్బింది.

బండి సంగతి కొంత చెప్పాలి. అది 2004లో కొన్న మారుతి 800. మన దేశంలో మధ్యతరగతి వారిని కారెక్కించిన ఆ బండి 1983 డిసెంబరులో తొలిసారి రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. పదిహేనేళ్లు నిండినప్పుడు ఒకసారి, ఆ పైన ఐదేళ్లకు మరొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకున్నాను. అమ్మేయమని పిల్లలు పోరుతూనే ఉన్నారు. పదవీ విరమణ నాడు బడి నుండి దండలతో నన్ను ఇంటికి తెచ్చిన వాహనాన్ని పాతసామాన్ల వాడికి ఎట్లా అప్పగించను?

తరువాత తరువాత మూలుగు నాకూ వినబడసాగింది. ముప్పై కిలోమీటర్ల వేగం వరకు ఏమీ లేదు. నలభై దాటగానే సన్నని ఝంకారం. అరవైకి చేరేసరికి ఇంట్లో తిరుగలి విసురుతున్న ధ్వని. "రోజురోజుకు పెరుగుతున్నది, ముందు వైపు నుండే వస్తున్నది" అని మా ఇంటావిడ చెవినిల్లు కట్టుకొని పోరింది. నేను టైర్లు అరిగి ఉంటాయని నిర్ణయించాను. నిర్ణయించడమే కాదు, ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు వేయించాను. డబ్బు పోయింది, చప్పుడు మాత్రం కొత్త టైర్ల మీద కూడా పాత పాటే పాడింది.

ఇక తప్పక, జాతీయ రహదారి పక్కన చిన్న షెడ్డు నడుపుకొనే ఒక ఉస్తాదు దగ్గరికి వెళ్లాము. మా ఊరికి 1980లలో ఆల్విన్ నిస్సాన్ వారి తేలికపాటి వాణిజ్య వాహనాల కర్మాగారం వచ్చింది. అది తరువాత మహీంద్రా వారి చేతికి పోయింది. కొత్త శతాబ్దంలో ట్రాక్టర్ల కర్మాగారమూ వెలిసింది. అందుచేత చెరకు బండ్ల ఊరైన జహీరాబాదులో ఇనుము భాష తెలిసినవారికి కొదువ లేదు. ఈ ఉస్తాదు పడుచుతనంలో ఆ తొలి కర్మాగారంలోనే పని నేర్చాడట.

నేను నా టైర్ల సిద్ధాంతం సవిస్తరంగా వినిపించాను. అతడు ఓపికగా విని, మా శ్రీమతి వైపు తిరిగి, "అమ్మా, పక్కన కూసునేది మీరే గదా. ఆవాజ్ ఎట్లొస్తది?" అని అడిగాడు. ఆమె చెప్పింది: వేగంతో పెరుగుతుంది, బ్రేకు వేసినా మారదు, రోడ్డు ఎడమకు మలిగినప్పుడు ఎక్కువవుతుంది, కుడికి మలిగితే తగ్గుతుంది. ఈ చివరి సంగతి ఆమె నాకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పనిచ్చానో లేదో ఇప్పుడు గుర్తు చేసుకోదలచుకోలేదు.

"సార్, సగం పని అమ్మనే చేసింది" అని ఉస్తాదు బండిని రహదారి మీదికి తీశాడు. అరవై వేగంలో క్లచ్చి తొక్కి గేరును న్యూట్రలుకు తెచ్చాడు. ఇంజను చప్పుడు తగ్గింది, మూలుగు తగ్గలేదు. అంటే రోగం ఇంజనుది కాదు, తిరిగే చక్రాలది. ఖాళీ రోడ్డు చూసి స్టీరింగును మెల్లగా ఎడమకు, కుడికి ఊపాడు. ఎడమకు తిప్పితే బండి బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు మూలుగు హెచ్చితే లోపం కుడి వైపున ఉన్నట్టు. మా బండి సరిగా అట్లాగే మూలిగింది.

షెడ్డుకు వచ్చాక కుడి ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టాడు. గడియారంలో పన్నెండు, ఆరు ఉండే చోట్ల రెండు చేతులు వేసి చక్రాన్ని ఊపి, నన్నూ ఊపమన్నాడు. 'టక్' మని చిన్న కదలిక తగిలింది. తరువాత ఒక చేతితో సస్పెన్షను స్ప్రింగును పట్టుకొని, రెండవ చేతితో చక్రం తిప్పమన్నాడు. స్ప్రింగు మీది నా వేళ్లకు గరగర తెలిసింది, ఇసుక నమిలినట్టు. ఎడమ చక్రం దగ్గర అదే పని చేస్తే వేళ్లకు ఏమీ తెలియలేదు. "బేరింగు పోయింది సార్" అన్నాడు. టైరు చప్పుడును కూడా చాలామంది ఇదే అనుకుంటారట. టైర్లను ముందువి వెనక్కు మార్చి చూస్తే చప్పుడు వాటితో పాటు చోటు మారుతుంది, లేదా తీరు మారుతుంది. పైసా ఖర్చు లేని ఆ పరీక్ష చేయకుండానే నేను కొత్త టైర్లు కొన్నాను.

మరునాటి ఉదయం విప్పడం చూడడానికి వెళ్లి కూర్చున్నాను. చక్రం నేల మీద ఉండగానే ఇరుసు నట్టును వదులు చేశాడు. గాలిలోకి ఎత్తాక ఆ బిగువుతో కుస్తీ పట్టడం ప్రమాదమట. చక్రం తీసి, బ్రేకు కాలిపరును దాని గొట్టం మీద బరువు పడకుండా తీగతో కట్టి వేలాడదీశాడు. డిస్కు, బాల్ జాయింట్లు వదిలించి, నకిల్ అనే ఇనుప దిమ్మను బయటికి తీశాడు. దానిలోనే బేరింగు బిగిసి ఉంటుంది. "సుత్తెతో కొట్టి ఎక్కించేటోళ్లు ఉన్నరు. అట్ల ఎక్కిస్తే కొత్త బేరింగుకు ఆ రోజే సావు మొదలైతది" అని, దానిని లేతు పనివారి దగ్గరి ప్రెస్సుకు తీసుకుపోయాడు. నకిల్‌లోకి దింపేటప్పుడు బయటి వలయం మీదనే ఒత్తాలి. హబ్బును దానిలోకి దింపేటప్పుడు లోపలి వలయానికి ఆనిక ఇవ్వాలి. ఒత్తిడి గుండ్ల మీదుగా పోతే నున్నని దారిలో సొట్టలు పడతాయి.

తీసిన పాత బేరింగును నా అరచేతిలో పెట్టాడు. రెండు ఉక్కు వలయాలు, నడుమ గుండ్లు, గుండ్లను ఎడంగా నిలిపే పంజరం. గ్రీజు నల్లబడి తుప్పు రంగుకు తిరిగింది. లోపలి వలయం మీద గోరంత మేర పెచ్చు ఊడిపోయింది. నిరుటి వానలలో వాగు పొంగి రోడ్డు మీద పారుతుంటే నేను తొందరపడి బండిని నీళ్లలో నడిపించిన మాట నిజం. సీలు సందున చేరిన నీరు గ్రీజును చెరిచిందని ఉస్తాదు ఊహ. ఇంకొన్నాళ్లు ఊరుకొని ఉంటే చక్రం ఊగులాట పెరిగి స్టీరింగూ బ్రేకూ అదుపు తప్పేవి; బేరింగు వేడెక్కి బిగుసుకుపోతే చెరకు లారీల నడుమ మా గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఆ ఇనుప వలయాన్ని ఇంటికి తెచ్చి మేజా మీద పెట్టుకున్నాను. మా చిన్ననాడు ఎడ్లబండి ఇరుసుకు కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపిన కందెన పూసేవారు. ఇరుసుకూ చక్రానికీ నడుమ ఒరిపిడిని తగ్గించడానికి ఆ మసే ఆధారం. ఆ నడుమ గుండ్లను దొర్లించే ఉపాయానికి వేల్సు దేశపు ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు పొందాడు, అదీ గుర్రపు బండి ఇరుసు కోసమే.

మరొక ముచ్చట. 'ఖం' అంటే రంధ్రం. ఋగ్వేదంలో 'సుఖ' శబ్దం రథానికి విశేషణంగా వస్తుంది. మంచి ఇరుసు రంధ్రం కలది కనుక సుఖమని కొందరి వ్యుత్పత్తి. యాస్కుడు ఆ 'ఖ'లను ఇంద్రియాలుగా తీసుకొని, వాటికి హితమైనది సుఖమన్నాడు. ఈ రెండర్థాలూ పిల్లలకు చెప్పినవాణ్ణే. అయితే చెవి కూడా ఒక ఖమేనని, దానినీ తెరిచి ఉంచుకోవాలని నాకు నేను చెప్పుకోలేదు.

అధ్యాత్మ రామాయణంలో యుద్ధం నడుమ దశరథుని రథం ఇరుసు చీల ఊడితే, కైక తన చేతిని అడ్డుపెట్టి నిలిపిందని కథ. కైక వరాల దగ్గరికి త్వరగా చేరాలని ఆ ఘట్టాన్ని తరగతిలో ఎన్నో ఏళ్లు పరుగులెత్తించాను. రాజుకు ఆ సంగతి తెలియనే లేదన్న మాట దగ్గర ఒక్కనాడూ ఆగలేదు.

బండి ఇప్పుడు నిశ్శబ్దంగా పోతున్నది. ఖర్చు టైర్లకు పెట్టిన దానిలో మూడోవంతు కూడా కాలేదు. మొదటి రోజు బీదరు దారిలో అరవై వేగంలో వెళ్తూ, "విన్నావా, ఎంత హాయిగా ఉందో!" అన్నాను.

ఆమె కాసేపు ఊరకుండి, "నా మోకాలు కూడా రెండేళ్ల నుండి గరగరమంటున్నది. చెప్పినప్పుడల్లా వయసు అన్నారు" అన్నది.

నోటిదాకా వచ్చిన జవాబును మింగాను. ఎక్కడ నొప్పి, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, రాత్రిళ్లు ఉంటుందా అని అడిగాను. బీదరు చేరేవరకు ఆమె చెప్పింది, నేను విన్నాను. దారి పొడుగునా ఏ చప్పుడూ అడ్డురాలేదు కనుక విననట్టు నటించే వీలు కూడా లేకపోయింది. తిరిగి వచ్చేముందు ఎముకల వైద్యుని దగ్గర ఆగాము. ఎక్సురే తీశారు, అరుగుదల ఉన్నది కానీ ముదరలేదన్నారు, కొన్ని వ్యాయామాలు చెప్పారు. ఇప్పుడు ఉదయం పూట ఆమె కుర్చీలో కూర్చొని కాలు చాపుతుంటే నేను పక్కన పది అంకెలు లెక్కపెడుతున్నాను. తొందరగా లెక్కిస్తున్నానని రోజూ తిడుతున్నది. ఆ ఫిర్యాదును మాత్రం వెంటనే ఒప్పుకొని, మళ్లీ ఒకటి నుండి మొదలుపెడుతున్నాను.