దోమ గుట్టు దొరికిన ఊళ్లో మతిమరుపు మందు

సికింద్రాబాద్ స్టేషన్ నుంచి మోండా మార్కెట్‌కి నడిచే వెళ్లిపోవచ్చు. ఈ చుట్టుపక్కల ఏ మూలికల కొట్లోనైనా ‘మా తాతయ్యకి మతిమరుపు ఎక్కువైంది’ అని చెప్పండి. సరస్వతాకు పొడో, బ్రాహ్మి పొడో చేతిలో పెడతారు. ఫోన్‌లో వెతికితే చైనా మూలికల క్యాప్సూల్స్ కూడా కనిపిస్తాయి. కొనాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలో ఈ ఊరి చరిత్రే చెబుతుంది.

బేగంపేటలో పాత ఎయిర్‌పోర్టు దగ్గర సర్ రోనాల్డ్ రాస్ స్మారక భవనం ఉంది. సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడిగా పనిచేస్తున్న రాస్, 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. దోమల మీద అనుమానం అంతకుముందే ఉంది. ఆయన ఆధారం చూపించాడు. 1902లో నోబెల్ వచ్చింది.

అదే మలేరియాకి ఓ గొప్ప మందు చైనా మూలిక నుంచే వచ్చింది. నాలుగో శతాబ్దపు గ్రంథంలో ఆ మూలికను నీళ్లలో నానబెట్టి, పిండి తాగమని ఉంది. మరిగించమని లేదు! తూ యూయూ అనే శాస్త్రవేత్త అక్కడే కిటుకు పట్టుకున్నారు. వేడి తగ్గించి సారం తీశారు. అలా ఆర్టెమిసినిన్ దొరికింది. 2015లో ఆమెకీ నోబెల్ వచ్చింది. దారి చూపింది పాత గ్రంథం. మందని తేల్చింది మాత్రం పరీక్షలే.

మరి డిమెన్షియా సంగతి? చైనాకి చెందిన గింకో చెట్టు ఆకుల సారాన్ని అమెరికాలో 3,000 మందికి పైగా పెద్దవాళ్ల మీద ఏళ్ల తరబడి పరీక్షించారు. డిమెన్షియాని ఆపలేదని 2008లో తేలింది. ఇంకో చైనా మొక్క నుంచి తీసిన హుపర్‌జైన్-ఎ మీద ఆశలున్నా, గట్టి రుజువు ఇంకా రాలేదు. మొక్కలన్నీ ఓడిపోయాయనీ కాదు. స్నోడ్రాప్ జాతి పూలమొక్కల్లో దొరికిన గాలంటమైన్‌ని ఇవాళ డాక్టర్లే అల్జీమర్స్‌కి రాస్తున్నారు.

మన బ్రాహ్మి మధ్యలో ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసిన కొన్ని చిన్న పరీక్షల్లో జ్ఞాపకశక్తి కాస్త మెరుగైంది. డిమెన్షియాని తగ్గిస్తుందని మాత్రం రుజువు కాలేదు. పైగా బ్రాహ్మి పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముడవుతుంటాయి.

‘ఆకే కదా, వాడితే పోయేదేముంది?’ అనుకోవద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి గింకోతో రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. అంతకంటే పెద్ద నష్టం, చేజారే సమయం. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, డిప్రెషన్ వచ్చినా మతిమరుపు వస్తుంది. వీటికి వైద్యం ఉంది. అందుకే పొడి పొట్లం కన్నా ముందు రక్తపరీక్ష చేయించండి. ఇప్పటికే ఏదైనా మూలిక వాడుతుంటే, ఆ సీసా కూడా డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి.