కుప్ప చుట్టూ లెక్క

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టాడు. ఆయన పేరు మీద ఆ తేదీన జాతీయ గణిత దినోత్సవం జరుపుకుంటున్నాం. పటానికి దండ, క్విజ్ పోటీ, చార్టు మీద 1729. తప్పేం లేదు గానీ, ఆ రోజుని గదిలో గడపడానికి నాకు మనసొప్పదు. మా చీపురుపల్లి వైపు నడకకి అంతకంటే మంచి రోజులుండవు. పగలు కూడా ఏడాదిలోకెల్లా పొట్టిది, పదకొండు గంటల మీద కాస్త. సూర్యుడు ఎంత ఎక్కినా 48 డిగ్రీలే. మిట్టమధ్యాహ్నం కూడా మన నీడ మన ఎత్తులో పదింట తొమ్మిది వంతులుంటుంది. ఆ మిట్టమధ్యాహ్నమూ మనకి 11.54కే అయిపోతుంది. గడియారాలకి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర పోతుంది, మనం దానికి ఓ డిగ్రీ తూర్పున ఉన్నాం మరి. డిగ్రీకి నాలుగు నిమిషాలు. మిగతా నిమిషంన్నర ఆ రోజుల్లో సూర్యుడి తొందర.

గరివిడి రోడ్డు పట్టుకుంటే అటు మాంగనీసు గుట్టలు, ఇటు టార్పాలిన్ల మీద వడ్ల కుప్పలు. ఏదైనా శంకువే. గుట్టలు ఫ్యాక్టరీవి, మనల్ని దగ్గరికి రానివ్వరు. కుప్పలకి ఆ బెడద లేదు.

1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో ధాన్యపు రాశికి ఓ సూత్రం చెప్పాడు. చుట్టుకొలతలో ఆరో వంతుని వర్గం చేసి ఎత్తుతో హెచ్చవెయ్యాలి. మరి ఎత్తో? అదీ చుట్టుకొలతలోంచే: ముతక గింజకి పదో వంతు, సన్న గింజకి పదకొండో వంతు, ముల్లున్న ధాన్యానికి తొమ్మిదో వంతు. సన్న గింజ జారి పరుచుకుంటుంది. గరుకు వడ్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. తొమ్మిదో వంతంటే సుమారు 35 డిగ్రీల వాలు. అంటే కుప్పలో కర్ర గుచ్చే పని లేదు, చుట్టూ ఓసారి నడిస్తే చాలు!

చెప్పులు విప్పి, మడమకి వేలు తగిలిస్తూ ఓ కుప్ప చుట్టూ తిరిగాను. పద్దెనిమిది పాదాలు. ఎత్తు రెండు. ఆరో వంతు మూడు, దాని వర్గం తొమ్మిది, రెండుతో హెచ్చిస్తే 18 ఘన పాదాలు. నోటిలెక్కే.

"ఏటి బాబూ, వడ్లకి పెదచ్చినాలు సేస్తన్నారేటి?" అన్నాడు కుప్పకి కాపలా ఉన్న ముసలాయన.

ఈ సూత్రంలో ఓ తిరకాసుంది. వృత్తం చుట్టుకొలత వ్యాసానికి సరిగ్గా మూడు రెట్లని పెట్టుకుంటేనే అది వస్తుంది. 3.1416 పెడితే మన కుప్ప 17.2కి దిగుతుంది. నూటికి ఇంచుమించు ఐదు తేడా. భాస్కరుడికి తెలీకేం కాదు. అదే లీలావతిలో 3927/1250 అని చక్కటి విలువ ఇచ్చాడు. కళ్లంలో మాత్రం మూడుతో సరిపెట్టాడు. రామానుజన్ 1914లో ప్రకటించిన ఓ శ్రేణిలో ఒక్కో పదానికి ఎనిమిదేసి అంకెలు తేలుతాయి. అది చూసి నోరెళ్లబెడతాను, నిజమే. కానీ ఎండలో నిలబడ్డవాడికి ఎంత లెక్క కావాలో అంతే ఇచ్చినవాడంటే నాకు ఓ పిసరు ఎక్కువ ఇష్టం.

ముసలాయనకి ఇదంతా చెప్పాను, పాత లెక్కలో కుప్ప కాస్త ఎక్కువ చూపిస్తుందని కూడా. ఆయన చుట్ట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఆ మూడు లెక్కే కాటా ఏసేవోడికి సెప్పండి బాబూ. తరుగు కిందికి సరిపోద్ది!"